ఉరుముల కాలంలో ఫోర్‌కాస్ట్ డ్యూటీకి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీకు వాతావరణ కేంద్రంలో ఫోర్‌కాస్ట్ డ్యూటీ వేశారని మీ నాన్న చెప్పాడు. తుపానైతే నాలుగు రోజుల ముందే జాడ తెలుస్తుంది. ఎండాకాలపు ఉరుముల వాన అలా కాదు. పొద్దున ఆకాశంలో దాని ఊసే ఉండదు, సాయంత్రానికి వీధులు ముంచేసి పోతుంది. ఆ పనిలోనే తల నెరిసినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

పైగాలుల వేడి, తేమ కొలిచే పొద్దున 5:30 బెలూన్ రీడింగు రాగానే అందరి కళ్లూ కేప్ అంకె మీదికే, అంటే మబ్బును పైకి లేపే శక్తి లెక్క మీదికే పోతాయి. నువ్వు ముందు నేల నుంచి కిలోమీటరున్నర ఎత్తు దాకా గాలిలో తేమ ఎంతుందో, దాని మీద వేడిగాలి మూత ఎంత గట్టిగా పడిందో చూడు. ఆ మూత తెరుచుకోకపోతే కేప్ మూడు వేలున్నా మబ్బు లేవదు. దాన్ని తెరిచేది చాలాసార్లు విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా సాగే ద్రోణి. కోస్తాలో సముద్రపు గాలి, తూర్పు కనుమల వాలు కూడా ఆ పని చేస్తాయి. పాడేరు, అరకు వైపు మధ్యాహ్నమే మబ్బులు నిలువుగా లేస్తూ, పైగాలి పడమటి నుంచి వీస్తుంటే, సాయంత్రం మైదానం మీద ఒక కన్నేసి ఉంచు.

ఉరుములున్న రోజులన్నీ వరద రోజులు కావు. కింద గాలి పొడిగా ఉంటే చినుకు నేలకు చేరేలోపే చాలావరకు ఆవిరైపోతుంది. దాంతో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి ఈదురుగాలై కొడుతుంది. మామిడి రాలుతుంది, రేకులు లేస్తాయి, కల్లంలో పట్టా కప్పని ధాన్యం తడుస్తుంది కానీ నాలా పొంగదు. గాలిలో తేమ ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్ 23, 24 డిగ్రీలుండి, పైగాలి మందకొడిగా ఉన్న రోజు గురించే నా భయమంతా. ఆ రోజు మబ్బు ఉన్నచోటు నుంచి కదలదు.

రాడార్ చూడ్డంలో ఓపిక కావాలి. వికారాబాద్ దగ్గర 50 డీబీజెడ్ (ఎకో బలాన్ని కొలిచే లెక్క) దాటిన ఎకో, అంటే వాన మబ్బుకు తగిలి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం, కనబడగానే అది ఎటు వెళ్తోందని అందరూ చూస్తారు. దాని వెనక ఏం పుడుతోందో కూడా చూడు. పాత సెల్, అంటే ముందు పుట్టిన ఉరుము మబ్బు, తూర్పుకు జరిగాక, అది వదిలిన చోటే మరో ఎకో మొలిచిందా? పది నిమిషాలకు ఇంకోటి వచ్చిందా? ఒక్కో సెల్ గంటలోపు చల్లారిపోవచ్చు. కానీ అవి వరసగా ఒకే కాలనీ మీదుగా పోతే అక్కడ వాన ఆగదు. 55 దాటితే వడగళ్లుండొచ్చు, అప్పుడు రాడార్ వానను ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి ఆటోమేటిక్ స్టేషన్ల లెక్కతో సరిచూసుకో. పావుగంటలో 20 మిల్లీమీటర్లు పడితే మాత్రం హెచ్చరిక ఇవ్వడానికి ఇక ఎవరికోసమూ ఆగొద్దు.

మన పద్ధతిలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. అది 24 గంటల లెక్క. రోజంతా నిదానంగా కురిస్తే ఊరు తట్టుకుంటుంది. అదే గంటలో కురిస్తే చదరపు కిలోమీటరుకు ఆరు కోట్ల లీటర్ల పైమాటే, అందులోనూ కాంక్రీటు మీద. అందుకే ఎంత పడుతుందో చెప్పి ఊరుకోకు, ఎంతసేపట్లో పడుతుందో కూడా చెప్పు.

ఆకాశం ఎంత చదివావో నేల కూడా అంత చదవాలి. కూకట్‌పల్లిలో కురిసిన నీళ్లు నాలాలో బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌కు చేరతాయి. సాగర్ మిగులు నీళ్లు అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక దాటి మూసీలో కలుస్తాయి. అంటే తమ వీధిలో చినుకు పడకపోయినా నాలా పక్కవాళ్లకు ముప్పు రావచ్చు. సెలవురోజు ఆ నాలా వెంట నడిచి, ఎక్కడ ఇరుకైందో, ఏ కల్వర్టుకు చెత్త అడ్డం పడిందో చూసి రా. ఏ మోడలూ నీకు ఆ సంగతి చెప్పదు.

2024 మే 7 సాయంత్రపు వానకు బాచుపల్లిలో కట్టుబడిలో ఉన్న గోడ కూలి ఏడుగురు పోయారు, అందులో ఒక పసివాడు కూడా ఉన్నాడు. పొట్టచేతబట్టుకుని వచ్చిన కూలీలు. నౌకాస్ట్ (రాబోయే కొద్ది గంటల అంచనా) రాసేటప్పుడు అలాంటివాళ్లను మనసులో పెట్టుకో. ‘అక్కడక్కడా ఉరుములతో కూడిన వర్షాలు’ అంటే వాళ్లకేం అర్థమవుతుంది? ఏ ప్రాంతాలు, ఎన్ని గంటల లోపు, ఏం చేయకూడదు అన్నది తేటతెల్లంగా రాయి. పాత గోడల పక్కన, రేకుల షెడ్లలో ఉండొద్దని రాయి. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయని, అండర్‌పాసులోకి బండి దించొద్దని రాయి. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి పోవద్దని, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పొలంలోకి దిగొద్దని రాయి.

నువ్వు హెచ్చరిక ఇచ్చిన రోజు మబ్బు పక్కకు తప్పుకుంటే నలుగురూ నాలుగు మాటలంటారు. పడు. మర్నాడు ఆ బెలూన్ రీడింగు మళ్లీ తీసి, మూత ఎందుకు తెరుచుకోలేదో చూసి నోటుపుస్తకంలో రాసుకో. రాత్రి పది దాటాక సెల్ బలపడుతుంటే మెసేజ్ పెట్టి ఊరుకోకు. జనం నిద్రలో ఉంటారు. జిల్లా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, అవతలివాళ్లు ప్రాంతాల పేర్లు తిరిగి చదివి వినిపించేదాకా పెట్టేయకు.

ఆశీస్సులతో,
పెదనాన్న