ఆయుధాల బేరం, జెనీవా సంతకాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆయుధ వ్యాపారాన్ని అదుపులో పెట్టడానికి సాగిన దౌత్యం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 1919లోనే సెయింట్ జెర్మేన్‌లో ఆయుధ వ్యాపారంపై ఒడంబడిక కుదిరింది కదా, 1925లో జెనీవాలో మళ్లీ మొదటికి ఎందుకొచ్చారు?

జవాబు: సంతకాలైతే పడ్డాయి, అమలు మాత్రం జరగలేదు. 1919 సెప్టెంబరు 10న ఆ కాగితం రాసుకున్న పెద్ద దేశాలను ముఖ్యంగా వెంటాడిన భయం ఒకటుంది. యుద్ధం ముగిశాక గుట్టలుగా మిగిలిన తుపాకులు వలస ప్రాంతాలకు చేరితే తిరుగుబాట్లు లేస్తాయని. అందుకే ఆఫ్రికాలో చాలా భాగాన్ని, అరేబియాను, పర్షియాను, ఆసియాలోని పాత ఒట్టోమన్ ప్రాంతాలను నిషిద్ధ మండలంగా గీశారు. ఎర్రసముద్రం, ఏడెన్ సింధుశాఖ, పర్షియన్ సింధుశాఖ కూడా నిఘా కిందికి వచ్చాయి.

అమెరికా దీన్ని ధ్రువీకరించలేదు, అంటే సంతకం తరవాత ఇవ్వాల్సిన తుది ఆమోదం ఇవ్వలేదు. ఒడంబడికలో చేరని దేశాలకు ఆయుధాలు అమ్మకూడదన్న షరతు ఒప్పుకుంటే లాటిన్ అమెరికా ప్రభుత్వాలకు సరుకు పంపే వీలు పోతుంది. పైగా పర్యవేక్షణ నానాజాతి సమితిది (లీగ్ ఆఫ్ నేషన్స్), అమెరికా అందులో సభ్యదేశమే కాదు. అంత పెద్ద ఉత్పత్తిదారు బయట నిలబడితే తమ ఆర్డర్లన్నీ అటు పోతాయని మిగతావాళ్లూ వెనక్కి తగ్గారు.

ప్రశ్న: 1925 ఒడంబడిక అమలై ఉంటే ఒక ఫ్యాక్టరీ విదేశానికి ఫిరంగులు అమ్మాలంటే ఏమేం చేయాల్సి వచ్చేది? అది ఎందుకు మూలపడింది?

జవాబు: మొదట సరుకు ఏ తరగతిదో తేల్చుకోవాలి. యుద్ధానికి తప్ప మరెందుకూ పనికిరానివి ఒకటో తరగతి. సైనిక రైఫిళ్లు, మెషిన్ గన్లు, ఫిరంగులు, బాంబులు ఇందులోకే వస్తాయి. యుద్ధానికీ, వేట వంటి ఇతర పనులకూ పనికొచ్చే తుపాకులు రెండో తరగతి. యుద్ధనౌకలు మూడు, విమానాలు నాలుగు, మందుగుండు, పేలుడు పదార్థాలు వగైరా ఐదు.

ఫిరంగి ఒకటో తరగతి కాబట్టి కొనేది ప్రభుత్వమే అయి ఉండాలి, లేదా ఆ ప్రభుత్వం అనుమతించిన వ్యక్తి కావాలి. కొనే ప్రభుత్వం తరఫున అధికారం ఉన్న ప్రతినిధి సంతకంతో రాతపూర్వకమైన ఆర్డరు కావాలి. అది చూపించి సొంత ప్రభుత్వం దగ్గర ఎగుమతి లైసెన్సు తీసుకోవాలి. ఆ తరవాత, మూడు నెలలు ముగిసిన ప్రతిసారీ రెండు నెలల్లోపు ఒకటి, రెండు తరగతుల ఎగుమతి దిగుమతుల లెక్కలను ప్రభుత్వాలు అచ్చువేయాలి.

గొడవంతా ఈ లెక్కల దగ్గరే వచ్చింది. సొంత ఫ్యాక్టరీలో చేసుకుని సొంత గిడ్డంగిలో పెట్టుకున్న ఫిరంగి ఏ లెక్కలోకీ రాదు. కొనుక్కునే చిన్న దేశం ఎన్ని తెప్పించుకుందో మాత్రం పొరుగువాడు తీరిగ్గా చదువుకుంటాడు. తయారీ లెక్కలు కూడా బయటపెట్టండని కొనుగోలు దేశాలు పట్టుబట్టాయి. అమ్మే దేశాలు దాన్ని మరో సమావేశానికి వాయిదా వేశాయి. ఒడంబడికలో చేరని సోవియట్ రష్యా పక్కనే ఉన్న పోలండ్, రుమేనియా, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాట్వియాలు తమ లెక్కలు ఎలా చెబుతామన్నాయి. వాటికి మినహాయింపు ఇవ్వక తప్పలేదు. పర్షియన్ సింధుశాఖను ప్రత్యేక మండలంలో కలిపారని పర్షియా ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు. అమల్లోకి రావడానికి 14 ధ్రువీకరణలు కావాలి. ఫలానా దేశాలు ధ్రువీకరిస్తేనే మాది చెల్లుతుందని కొందరు మెలిక పెట్టారు. చివరికి ఒడంబడిక అమల్లోకి రానేలేదు.

మా దృష్టిలో దాన్ని చంపింది ఆయుధ వ్యాపారుల ఎత్తులకన్నా, తయారుచేసుకునే దేశాలకూ కొనుక్కునే దేశాలకూ మధ్య ఉన్న ఈ అసమానతే.

ప్రశ్న: విషవాయువుల నిషేధం కూడా అక్కడే పుట్టిందా?

జవాబు: అవును, అదే సమావేశంలో, అదే రోజున, అంటే 1925 జూన్ 17న. విషవాయువుల మాట ఎత్తింది అమెరికా, సూక్ష్మజీవుల ఆయుధాలను కూడా చేర్చమంది పోలండ్. లైసెన్సులూ లెక్కలూ లేని చిన్న ప్రోటోకాల్ కాబట్టి 1928లోనే అమల్లోకి వచ్చింది. ప్రతిపాదించిన అమెరికా మాత్రం 1975 దాకా ధ్రువీకరించలేదు!

ప్రశ్న: ఓడిపోయిన దేశాలకు ఆయుధ దిగుమతి నిషేధం కదా. అయినా సరుకు ఎలా చేరేది?

జవాబు: ఎక్కువగా రైల్లోనే, తప్పుడు పేరుతో. 1928 జనవరి 1న ఆస్ట్రియా, హంగరీ సరిహద్దులోని సెంట్‌గోథార్డ్ స్టేషన్‌లో ఆస్ట్రియా కస్టమ్స్ వాళ్లు ఇటలీ నుంచి వచ్చిన ఐదు వ్యాగన్లను తనిఖీ చేశారు. కాగితాల్లో యంత్ర భాగాలు, లోపల మెషిన్ గన్ల విడిభాగాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన హంగరీతో కుదిరిన త్రియానన్ శాంతి ఒడంబడిక ప్రకారం హంగరీ వాటిని తెప్పించుకోకూడదు. చెకొస్లొవేకియా, యుగొస్లావియా, రుమేనియా నానాజాతి సమితికి ఫిర్యాదు చేశాయి. సమితి నిపుణులు వచ్చి చూసేసరికి హంగరీ ఆ భాగాలను విరగ్గొట్టి తుక్కు కింద అమ్మకానికి పెట్టేసింది. సాక్ష్యమే తుక్కయ్యాక కౌన్సిల్ మందలింపుతో సరిపెట్టుకుంది.

1933 జనవరిలో ఆస్ట్రియా పట్టణం హిర్టెన్‌బర్గ్ పేరుతో బయటపడిన వ్యవహారంలో ఇంకో ఎత్తు. ఇటలీ వేల కొద్దీ పాత రైఫిళ్లను మరమ్మతు పేరుతో ఆస్ట్రియా ఫ్యాక్టరీకి పంపింది, అసలు గమ్యం హంగరీ. రైల్వే కార్మికుల ద్వారా గుట్టు వియన్నా సోషలిస్టు పత్రికకెక్కింది. అంటే సరుకు పోయే దారి మీద పనిచేసే మనిషి కన్నే అసలైన తనిఖీ, ఒడంబడికల్లో దాని ఊసే లేదు.

ప్రశ్న: పోరాడే ఇద్దరికీ ఆయుధాలు ఆపేస్తే న్యాయమే కదా? ఆ ఆంక్షలను ఎందుకు తప్పుపడతారు?

జవాబు: 1932లో దక్షిణ అమెరికాలోని చాకో ప్రాంతం కోసం బొలీవియా, పరాగ్వే యుద్ధానికి దిగాయి. అందరూ ఆపితేనే మేమూ ఆపుతామని ప్రభుత్వాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ కూర్చునేసరికి 1934 మధ్యకొచ్చింది. అమెరికాకు ఇంకో చిక్కు ఉంది. బొలీవియాతో 1858లో, పరాగ్వేతో 1859లో చేసుకున్న వాణిజ్య ఒడంబడికలు ఆ దేశాలకు మాత్రమే వర్తించే ఎగుమతి నిషేధానికి అడ్డొచ్చాయి. అందుకే 1934 మే 28 నాటి తీర్మానంలో ఎగుమతిని వదిలేసి, అమెరికా గడ్డమీద జరిగే అమ్మకాన్ని నిషేధించారు. బొలీవియాకు 15 మెషిన్ గన్లు అమ్మే కుట్ర ఆరోపణతో కర్టిస్ రైట్ ఎగుమతి సంస్థ మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టుకెక్కింది. తీర్మానం చెల్లుతుందని 1936 డిసెంబరులో కోర్టు తేల్చేనాటికి యుద్ధం ఆగి ఏడాదిన్నర.

ఇథియోపియా విషయంలో అన్యాయం ఇంకా స్పష్టం. ఫిరంగులు, విమానాలు సొంతంగా చేసుకునే ఇటలీకీ, ప్రతిదీ కొనుక్కోవాల్సిన ఇథియోపియాకూ ఒకేలా ఆపితే దెబ్బ ఎవరికి? నానాజాతి సమితి 1935 అక్టోబరు 11న ఇథియోపియా మీద నిషేధం ఎత్తేయమని, ఇటలీ మీద మాత్రమే ఉంచమని చెప్పింది. కానీ సముద్రం లేని ఆ దేశానికి ఉన్న ఒకే ఒక్క రైలు మార్గం ఫ్రెంచివాళ్ల జిబూటీ రేవు నుంచే, ఆ దారిలో ఆయుధాలకు ఫ్రాన్స్ అడ్డుపడింది.

ప్రశ్న: నానాజాతి సమితి ఆయుధ వ్యాపార గణాంకాల వార్షిక సంచికలతో పరిశోధన చేస్తున్నాను. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: అవి ఆయా దేశాల కస్టమ్స్ లెక్కల నుంచి కూర్చినవి, స్వతంత్రంగా తనిఖీ చేసినవి కావు. ఒక దేశం పంపానన్న విలువ, ఇంకో దేశం అందిందన్న విలువ సరిపోలవు. రేవులో ఓడ మారితే గమ్యం పేరు మారిపోతుంది, వేట తుపాకులు సైనిక తుపాకుల్లో కలిసిపోతాయి. ముందు ఒక జత దేశాలను ఎంచుకుని ఎగుమతి, దిగుమతి రెండు వైపులా పక్కపక్కన పెట్టి తేడా రాసుకోండి. విమానాలు, యుద్ధనౌకలు కలిసి ఉన్నాయో లేదో పట్టిక కింది వివరణలో చూడండి. దొంగ సరుకు ఇందులో దొరకదు, సెంట్‌గోథార్డ్ వ్యాగన్లు కూడా కాగితాల మీద యంత్ర భాగాలే.