పోలిక గుర్తుల దగ్గర టైపుల మార్పిడి గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఎక్స్‌ప్రెషన్ భాషలో (చిన్న లెక్కలూ షరతులూ రాసుకునే భాషలో) లెక్కలు చేసే ఆపరేటర్లు, అంటే గుర్తులు, పూర్తయ్యాయనీ, ఇక పోలిక గుర్తులే మిగిలాయనీ రాశావు. ఆ భాషను వాడబోయేవారు ఎక్కువగా తడబడేది అక్కడే కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

పోలిక గుర్తుకు రెండు వైపులా వేర్వేరు టైపులు, అంటే వేర్వేరు రకాల విలువలు, వచ్చినప్పుడు ఏది దేనిగా మారాలో ముందే ఒక వరుసగా రాసిపెట్టుకో. జావా వెబ్ ప్రోగ్రాముల్లో వాడే జకార్తా ఎక్స్‌ప్రెషన్ భాషలో అలాంటి వరుస ఉంది: ఒకవైపు పూర్ణసంఖ్య, మరోవైపు స్ట్రింగ్ (కోట్‌ల మధ్య రాసే అక్షరాల వరుస) ఉంటే రెండూ సంఖ్యలవుతాయి, రెండూ స్ట్రింగులే అయితే అక్షరక్రమంలో పోలుస్తారు. అందువల్ల 10 < "9" అబద్ధమవుతుంది, "10" < "9" మాత్రం నిజమవుతుంది. ఫారాల నుంచి వచ్చే విలువలు సాధారణంగా స్ట్రింగులే కాబట్టి, రెండు వైపులా అలాంటివే ఉన్నప్పుడు ఏ ఎర్రరూ రాకుండానే తప్పు జవాబు వస్తుంది. దీనికి మందు ఆపరేటర్‌లో లేదు. విలువ నీ భాషలోకి అడుగుపెట్టే చోటనే దాని టైపు ప్రకటించి మార్చుకోవాలి.

ఖాళీ స్ట్రింగ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ జకార్తా భాషలోనే ఖాళీ స్ట్రింగ్ సంఖ్యగా మారితే 0 అవుతుంది, అందుచేత వయసు నింపకుండా వదిలేసిన గడి "18 కంటే తక్కువ" అన్న షరతును నెగ్గుతుంది. అదే చోట నల్ (విలువే లేదని చెప్పే ప్రత్యేక గుర్తు) ఉంటే నెగ్గదు. వాడేవారి దృష్టిలో రెండూ "ఏమీ లేదు" అనే అర్థంలోనివే కదా! నీవు మాత్రం ఖాళీని సున్నాగా మార్చవద్దు.

సమానత్వం దగ్గర నేను గట్టిగా పట్టుబట్టేది ఒకటుంది. జావాస్క్రిప్ట్‌లో "" == 0 నిజం, 0 == "0" నిజం, కానీ "" == "0" అబద్ధం. ఇటువంటి సమానత్వం మీద ఆధారపడి జాబితాలో నకళ్లను తొలగిస్తే, ఏవి మిగులుతాయన్నది అవి వచ్చిన వరుసను బట్టి మారిపోతుంది. కనుక == గుర్తు వద్ద సంఖ్యల మధ్య తప్ప మరెక్కడా మార్పిడి వద్దని నా అభిప్రాయం. ఆ సంఖ్యల్లోనూ, పెద్ద పూర్ణసంఖ్యను డబుల్‌గా (దశాంశ సంఖ్యలకు వాడే, పరిమిత కచ్చితత్వం గల టైపుగా) మార్చితే 9007199254740993 కాస్తా 9007199254740992 అయిపోతుందని గుర్తుంచుకో.

అంకెలు కాని మాటను సంఖ్యతో < గుర్తుతో పోల్చితే ఎర్రర్ ఇవ్వు. పైథాన్ 3 చేసేది అదే. అలాంటి మాటను మౌనంగా సున్నాగా మార్చిన పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో 0తో ఏ మామూలు మాటను పోల్చినా సమానమని వచ్చేది. దాన్ని 2020లో వచ్చిన 8.0 వెర్షన్‌లో సరిదిద్దారు గానీ, అప్పటికి ఆ పాత పద్ధతిని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములెన్నో ఉన్నాయి. నీ భాషకు ఇంకా వాడకందారులు లేరు గనుక ఈ నిర్ణయాలన్నీ మొదటి విడుదలకు ముందే తీసుకో. నల్, ఖాళీ స్ట్రింగ్, సంఖ్య, అంకెల స్ట్రింగ్, బూలియన్ (నిజం, అబద్ధం) విలువలను ప్రతిదానితో ప్రతిదాన్నీ, ఎడమ కుడులు మార్చి కూడా, పరీక్షించే పట్టికను తయారుచేసి పంపితే చూసిపెడతాను.