భావోద్వేగాలను సంబాళించుకోవడం బడిలో ముందుగా ఎవరికి నేర్పాలి?

ఉన్నత పాఠశాలలో సిబ్బందికీ విద్యార్థులకూ కోపాన్నీ ఆందోళననూ సంబాళించుకునే పద్ధతులు ఎలా నేర్పాలి, ఒక రోజు వర్క్‌షాప్ పెడితే సరిపోతుందా అని మీరు అడిగారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పంతొమ్మిదేళ్లుగా గణితం బోధిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. ఒక రోజు సరిపోదు, పైగా పిల్లలతో మొదలుపెట్టకూడదు.

నాకు ఈ సంగతి నా తప్పు వల్లనే తెలిసింది. వరుసగా మూడో రోజు ఆలస్యంగా వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయిని గుమ్మంలోనే నిలబెట్టి, అందరూ వింటుండగా నోటికొచ్చినట్లు మాట్లాడాను. తల్లి తెల్లవారుజామునే కూలికి వెళ్లిపోతుంటే, చెల్లెల్ని అంగన్‌వాడీలో దింపి వస్తున్నాడని సాయంత్రం తోటి పిల్లలు చెప్పారు. ఆ వారమంతా అతను తలెత్తి నల్లబల్ల వైపు చూడలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించిందని నాకు అప్పటికే తెలుసు. కానీ గొంతు పెరిగి, చేతులు వణుకుతున్న ఆ క్షణంలో ఆ తెలివిడి నన్ను ఆపలేకపోయింది.

అందువల్ల తరువాత పనిచేసిన బడిలో ప్రధానోపాధ్యాయురాలూ నేనూ మొదటి రెండు నెలలు పెద్దవాళ్లతోనే సాధన చేయించాం. వారానికి రెండుసార్లు, ప్రార్థనకు పది నిమిషాల ముందు స్టాఫ్‌రూంలో కూర్చునేవాళ్లం. మధ్యాహ్న భోజనం వండే అక్కలనూ అటెండరునూ కూడా పిలిచాం, ఎందుకంటే కంచాల వరుసలో తోపులాట జరిగినప్పుడు పిల్లల ముందు ఉండేది వాళ్లే. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలడం మా సాధన. ఊపిరి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె వేగం కొంత తగ్గుతుంది కనుక, వదిలే సమయం ఎక్కువగా ఉండాలి. ఆ తరువాత ఎవరికి కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో చెప్పుకునేవాళ్లం. దవడ బిగుసుకుంటుందని ఒకరు, చెవులు వేడెక్కుతాయని మరొకరు చెప్పారు. ఆ గుర్తు పట్టుకోగలిగితే మాట జారడానికి ముందు రెండు శ్వాసల వ్యవధి దొరుకుతుంది.

పిల్లల దగ్గర నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాటలు నేర్పడం. ఏం జరిగిందని అడిగితే చాలామంది "కోపమొచ్చింది సార్" అనో "టెన్షన్" అనో ఆగిపోతారు. మన భాషలో చిరాకు వేరు, ఉక్రోషం వేరు, బెంగ వేరు, గుబులు వేరు, చిన్నబోవడం వేరు. వీటిని ఒక్కొక్క వారం ఒక్కొక్కటిగా బల్ల మీద రాసి, ఎప్పుడు అలా అనిపించిందో చెప్పమనేవాణ్ణి. ఎదురు చెప్పలేని నిస్సహాయతలో నుంచి వచ్చే కోపమే ఉక్రోషమని వివరించిన రోజున, ఎప్పుడూ కొట్లాటలకు దిగే ఒక అబ్బాయి "నాకు వచ్చేది అదే సార్" అన్నాడు. హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి తనది తలనొప్పి కాదని, ఇంటి మీద బెంగ అని చెప్పగలిగింది. పేరు పెట్టగలిగిన బాధ గురించి మాట్లాడవచ్చు, సాయం అడగవచ్చు.

శ్వాస సాధన పిల్లలతో రోజూ ఒకే సమయంలో, అంటే మొదటి పీరియడ్ ప్రారంభంలో రెండు నిమిషాలు చేయించండి. గొడవ జరుగుతున్నప్పుడు కొత్తగా నేర్పబోతే ఎవరికీ ఎక్కదు. కళ్లు మూసుకోమని బలవంతపెట్టకండి, కొందరికి అది భయం కలిగిస్తుంది. ఆస్తమా ఉన్నవారి చేత ఊపిరి బిగబట్టించకండి. ఉద్రేకంలో ఉన్న విద్యార్థిని నలుగురిలో నిలదీయకుండా, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మంచినీళ్లు ఇచ్చి కాసేపు ఆగండి. కారణం తరువాత అడగవచ్చు.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అన్యాయం జరిగిందని మండిపడుతున్న పిల్లవాడి నోరు మూయించడానికి ఈ సాధనను వాడకూడదు. ఊపిరి తీసుకోమని చెప్పిన తరువాత అతని ఫిర్యాదును తప్పకుండా వినాలి, అందులో న్యాయముంటే సరిదిద్దాలి. అలాగే తనను తాను గాయపరచుకుంటున్న విద్యార్థికి, చనిపోవాలని మాట్లాడే విద్యార్థికి ఈ సాధన చాలదు. ఆ రోజే ఇంటివారితో మాట్లాడి మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ఇంటివారి వల్లనే ప్రమాదమని తెలిస్తే పిల్లల సహాయ నంబరు చైల్డ్‌లైన్ 1098కి చెప్పాలి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది. మేము ఈ రెండు నంబర్లనూ ప్రతి తరగతి తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాయించాం.