రవెన్నాలో రెండు రాత్రులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసేశాం. ఈసారి ఇటలీ వెళ్లినప్పుడు శని, ఆదివారాలు జనం తాకిడి తక్కువగా ఉండే ఊళ్లో గడపాలని ఉంది. రవెన్నా పేరు విన్నాం. బొలోన్యాలో దిగి, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే సరిపోదా?

వచ్చేయొచ్చు, కానీ అలా చేయొద్దండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లంతా ఒకే వేళకి, ఒకే గుమ్మం ముందు చేరతారు. రాత్రి అక్కడే ఉన్నవాళ్లకి తలుపులు తెరిచే వేళ, మూసే ముందు వేళ దొరుకుతాయి. ఈ ఊరికి పేరు తెచ్చిన మొజాయిక్‌లు, అంటే చిన్నచిన్న పలుకులు గోడలో పొదిగి చేసిన బొమ్మలు, చూడాల్సింది అప్పుడే. శుక్రవారం సాయంత్రానికి చేరి, ఆదివారం మధ్యాహ్నం దాటాక బయల్దేరేలా పెట్టుకోండి.

ఊరి సంగతి కొంచెం తెలిస్తే చూసేది ఒంటబడుతుంది. 402లో హొనోరియస్ చక్రవర్తి పశ్చిమ రోమన్ సామ్రాజ్య రాజధానిని మిలాన్ నుంచి ఇక్కడికి మార్చాడు. చుట్టూ చిత్తడి నేలలు కాబట్టి శత్రుసేన తేలిగ్గా రాలేదు, పక్కనే క్లాస్సె రేవు ఉంది కాబట్టి ఓడలు రాగలవు. ఆ సామ్రాజ్యం పోయాక గోథుల రాజు థియొడొరిక్ ఇక్కడి నుంచే ఏలాడు. 540లో ఊరు బైజాంటైన్ల, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్ల చేతికి వెళ్లింది. ముగ్గురూ పోటీపడి కట్టినట్టు కట్టారు. వాటిలో 8 కట్టడాలను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. క్లాస్సెలోని బసిలికా (పెద్ద చర్చి) తప్ప మిగతా ఏడూ నడిచి చూడొచ్చు.

ప్రశ్న: బొలోన్యాలో రైలు మారడం కష్టమా? ప్రాంతీయ రైళ్లలో టికెట్ ఉన్నా జరిమానా వేస్తారని విన్నాం, నిజమేనా?

నిజమే. కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరుండే చిన్న యంత్రంలో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ప్రాంతీయ రైలు టికెట్‌కి సీటు నంబరు ఉండదు, ఫలానా రైలు అనీ ఉండదు. ముద్ర లేకపోతే అదే టికెట్‌తో మళ్లీ తిరగొచ్చు కదా, అందుకే ఆ పట్టింపు. ఫోన్‌లో కొన్నదానికి ముద్ర అక్కర్లేదు, బదులుగా రైలెక్కే ముందు ‘చెక్-ఇన్’ నొక్కాలి. చాలామంది దొరికిపోయేది ఇక్కడే: డబ్బు కట్టాం కదా అని ఊరుకుంటారు. ముద్ర యంత్రం పనిచేయకపోతే ఎక్కకముందే కండక్టర్‌ని వెతికి చెప్పండి. ఆయన మీ దగ్గరికి వచ్చేదాకా ఆగితే మాట చెల్లదు.

బొలోన్యా స్టేషన్‌లో హైస్పీడ్ రైళ్లు భూగర్భంలో ఆగుతాయి, ప్రాంతీయ రైళ్లు పైన ఆగుతాయి. ఎస్కలేటర్లన్నీ ఎక్కి పైకి వచ్చేసరికి పది నిమిషాలు ఇట్టే అయిపోతాయి. రెండు రైళ్ల మధ్య కనీసం 20 నిమిషాలు ఉంచుకోండి. ఇంకో చిక్కు: బోర్డు మీద ప్లాట్‌ఫామ్ నంబరు పక్కన ‘ఓవెస్ట్’ అని ఉంటే అది స్టేషన్ పడమటి కొసన ఉన్న వేరే ప్లాట్‌ఫామ్. నంబరు మాత్రమే చూసుకుని మామూలు ఒకటో ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే రైలు కళ్లముందే వెళ్లిపోతుంది. రవెన్నాకి అక్కడి నుంచి సుమారు గంటా పావు ప్రయాణం. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా దెల్ పొపొలొకి నేరుగా ఒకే దారి, పది నిమిషాల నడక.

ప్రశ్న: టికెట్లు ముందే కొనాలా? ఏది ముందు, ఏది తర్వాత?

ముందే కొనండి. సాన్ విటాలె, గాల్లా ప్లాచీదియా సమాధి మందిరం, నియోన్ జ్ఞానస్నాన మందిరం, ఆర్చిబిషప్ మ్యూజియం, సాంత్ అపొల్లినారె నువోవొ: ఈ అయిదింటికీ కలిపి ఒకే టికెట్ ఉంటుంది. వీటిలో గాల్లా ప్లాచీదియాకి, నియోన్ మందిరానికి మాత్రం వేళ కూడా ఎంచుకోవాలి. రెండూ చిన్న గదులు. మనుషుల ఊపిరి తేమ మొజాయిక్‌లకి మంచిది కాదు, అందుకే కొద్దిమందిని చొప్పున పంపి 5 నిమిషాలకే బయటికి పిలుస్తారు.

ఆ అయిదు నిమిషాల కోసం ఒక జాగ్రత్త. గాల్లా ప్లాచీదియా కిటికీలకి గాజు ఉండదు, పల్చటి అలబాస్టర్ రాతి పలకలుంటాయి. లోపలికి వచ్చేది తేనెరంగు మసక వెలుతురే. ఎర్రటి ఎండలోంచి నేరుగా లోపలికి వెళితే కళ్లు ఆ చీకటికి అలవాటు పడేసరికే మీ సమయం అయిపోతుంది. చెప్పిన వేళకి పావుగంట ముందే వచ్చి నీడన నిలబడండి. లోపలికి వెళ్లగానే ఫోన్ బయటికి తీయకుండా మొదటి రెండు నిమిషాలు పైకి చూస్తూ ఉండిపోండి. నీలం మెల్లగా తేరుకుంటుంది, దాంట్లోంచి బంగారు నక్షత్రాలు ఒక్కొక్కటే బయటపడతాయి. అయిదో శతాబ్దపు నీలం అది, అచ్చులో ఎక్కడా దొరకదు.

శనివారం పొద్దున మొదటి వేళకి గాల్లా ప్లాచీదియా పెట్టుకుని, అదే ఆవరణలో ఉన్న సాన్ విటాలెకి వెళ్లండి. మధ్యాహ్నం నియోన్ మందిరం, పక్కనే మ్యూజియం. సాంత్ అపొల్లినారె నువోవొ చివర ఉంచుకోండి, అక్కడ వేళల నిబంధన లేదు, కూర్చోవచ్చు. చలికాలంలో చాలా చోట్ల సాయంత్రం 5 గంటలకే మూసేస్తారు, ఈ వరుసని కొంచెం ముందుకి జరుపుకోవాలి. థియొడొరిక్ సమాధి, ఆరియన్ (ఆనాటి ఒక క్రైస్తవ శాఖ) జ్ఞానస్నాన మందిరం ఈ టికెట్‌లో రావు.

ప్రశ్న: మాకు చర్చి కళ గురించి ఏమీ తెలియదు. మొజాయిక్‌లో అసలు ఏం చూడాలి?

ముందు గాజు పలుకుల్ని చూడండి. రంగు పలుకుల్లో చాలా మటుకు గాజువే. బంగారు పలుకంటే గాజు మీద సన్నటి బంగారు రేకు అద్ది, దానిపైన మళ్లీ పల్చటి గాజు పొర వేసినది. వీటిని గోడలో చదునుగా పరచలేదు, ఒక్కోదాన్ని కొద్దిగా ఒక్కో పక్కకి వంచి పొదిగారు. అందుకే మీరు రెండడుగులు పక్కకి జరిగితే గోడ వెలుగు మారిపోతుంది. ఒకేచోట నిలబడి చూసేవాళ్లకి ఇది తెలియదు. చిన్న బైనాక్యులర్ ఉంటే తప్పక పట్టుకెళ్లండి, బొమ్మలన్నీ ఎత్తులో ఉంటాయి.

సాన్ విటాలె 547లో ప్రతిష్ఠ అయింది. బలిపీఠం వెనక అర్ధవలయంలో ఎడమన బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్, కుడిన మహారాణి థియొడోరా, పరివారాలతో ఎదురెదురుగా ఉంటారు. వాళ్లిద్దరూ ఈ ఊరికి ఎప్పుడూ రాలేదు. థియొడోరా వస్త్రం అంచు చూడండి: పసి ఏసు దగ్గరికి ముగ్గురు జ్ఞానులు కానుకలు పట్టుకెళ్తున్న బొమ్మలు ఆ కుట్టుపనిలో ఉన్నాయి. రాణి చేతిలోనూ కానుక పాత్ర ఉంది. జస్టీనియన్ పక్కనున్న బిషప్ తలపైన మాత్రమే పేరు రాసి ఉంది, మాక్సిమియానుస్ అని.

మా దృష్టిలో ఊరు మొత్తంలో మనసుని పట్టి ఆపేది మాత్రం సాంత్ అపొల్లినారె నువోవొలోని ఒక చిన్న విషయం. బలిపీఠం వైపు తిరిగి నిలబడితే కుడి గోడ మీద, మీ వెనక కొసన ఒక రాజభవనం ఉంది, ‘పలాతియుమ్’ అని రాసి ఉంటుంది. ఇది థియొడొరిక్ కట్టించిన చర్చి. ఆయన ఆరియన్ శాఖవాడు. బైజాంటైన్లు వచ్చాక చర్చిని తమ శాఖకి మార్చుకుని, ఆ భవనం కమానుల కింద నిలబడి ఉన్న గోథ్ మనుషుల్ని తీసేశారు. వాళ్ల చోట తెల్లటి తెరలు పొదిగారు. అయితే స్తంభాల మీద బొమ్మల చేతులు అడ్డంగా ఉండేవి. స్తంభాలు కొత్తగా పొదగడం ఎందుకనుకున్నారో ఏమో, ఆ చేతుల్ని వదిలేశారు. ఇప్పటికీ తెల్లటి స్తంభం మీద ఎవరిదో అరచెయ్యి, వేళ్లతో సహా ఉంది, మనిషి లేడు. స్తంభాల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లండి, దొరుకుతాయి. అదే గోడ మీద అక్కడి నుంచి 26 మంది హతసాక్షులు (మతం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు) బలిపీఠం వైపు నడుస్తుంటారు, ఎదుటి గోడ మీద క్లాస్సె రేవు నుంచి 22 మంది కన్యలు.

ప్రశ్న: మేం శాకాహారులం. ఏం తినాలి?

ఈ ప్రాంతపు రొట్టె పియాదీనా. పెనం మీద కాల్చి, మడిచి, లోపల ఏదైనా పెట్టిస్తారు. కానీ పిండిలో చాలా చోట్ల ‘స్త్రుత్తొ’, అంటే పంది కొవ్వు కలుపుతారు. పైకి ఏమీ తెలియదు. ‘సెన్సా స్త్రుత్తొ?’ (పంది కొవ్వు లేకుండానా?) అని అడగండి. ఆలివ్ నూనెతో చేసినది ఉంటే ‘ఆల్ ఓలియొ’ అంటారు. ఆకుకూర పెట్టి అంచులు మూసి కాల్చేదాన్ని కస్సోనె, క్రెషోనె అంటారు. దానికీ అదే ప్రశ్న. కప్పెల్లెత్తి అనే పాస్తాలో ఇక్కడ జున్ను (చీజ్) కూరతారు కాబట్టి మాంసం లేదని చెప్తారు, కానీ అది వచ్చేది మాంసం రసంలో. పస్సతెల్లి అనే వంటకం కూడా అంతే, పైగా గుడ్డు ఉంటుంది. ఇంట్లో చేసే తాజా పాస్తాలో గుడ్డు మామూలే. గుడ్డు తిననివాళ్లు ‘సెన్సా ఉవొవొ’ అని చెప్పి, ఎండు పాస్తా టమాటా సాస్‌తో అడగడం మేలు. పార్మెజాన్‌లో, ఇక్కడి మెత్తటి స్క్వాక్వెరోనె జున్నులో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు రెండూ వదిలేయాలి.

రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకదు. బిల్లులో ‘కొపెర్తొ’ అని తలకింత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు కట్టేది.

ప్రశ్న: శనివారం సాయంత్రం అన్నీ మూసేశాక ఏం చేయాలి?

డాంటే సమాధి దాకా నడవండి. ఫ్లోరెన్స్ వెలివేసిన ఆ కవి 1321లో ఇక్కడే కన్నుమూశాడు. లోపల వెలిగే దీపానికి ఏటా సెప్టెంబరులో ఫ్లోరెన్స్ నుంచే నూనె వస్తుంది. పక్కనున్న సాన్ ఫ్రాంచెస్కొ చర్చి తెరిచి ఉంటే, బలిపీఠం కింది నేలమాళిగలోకి కిటికీలోంచి తొంగిచూడండి. నేల కుంగి నీళ్లు ఊరిపోయాయి, మొజాయిక్ నేల మీదుగా ఎర్రచేపలు ఈదుతుంటాయి. నాణెం వేస్తేనే దీపం వెలుగుతుంది, చిల్లర ఉంచుకోండి.

ప్రశ్న: ఆదివారం చుట్టుపక్కలకి ఎటు వెళ్లాలి? కారు తీసుకోవాలా?

క్లాస్సె చాలు, దానికి కారు అక్కర్లేదు. రిమినీ వైపు వెళ్లే ప్రాంతీయ రైలులో మొదటి స్టేషనే, అయిదు నిమిషాలు. 4 నంబరు బస్సూ ఉంది. ఆదివారం రెండూ తక్కువే, తిరుగు రైలు వేళ రాసుకున్నాకే ఎక్కండి. ఒకప్పటి రేవు ఇది, సముద్రం వెనక్కి జరిగిపోయి ఇప్పుడు పొలాల మధ్య బసిలికా ఒక్కటే నిలబడింది. 549లో ప్రతిష్ఠించారు. గాల్లా ప్లాచీదియా ఎంత చీకటో ఇది అంత వెలుతురు. పచ్చిక బయలు, గొర్రెలు, నీలి వలయంలో 99 నక్షత్రాల మధ్య శిలువ.

ఇంకా సమయముంటే తిరుగుదారిలో ఫాయెన్జాలో ఆగి, 1908లో మొదలైన పింగాణీ మ్యూజియం చూడొచ్చు. కొమాక్కియొ కాలవల మీద 1634 నాటి, ‘మూడు వంతెనలు’ అనే పేరున్న వంతెన చక్కగా ఉంటుంది. కానీ ఆ ఊరికి రైలు లేదు, కారు ఉంటేనే అటు వెళ్లండి. కారు తీసుకుంటే రవెన్నా పాత ఊళ్లోకి మాత్రం తోలొద్దు. ‘జెడ్ టీ ఎల్’ (అనుమతి లేని వాహనాలు రాకూడని ప్రాంతం) బోర్డు దాటిన ప్రతిసారీ కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత అద్దె సంస్థ ద్వారా వస్తుంది, పైన వాళ్ల రుసుం వేరే.

ప్రశ్న: ఏ నెలలో వెళితే మంచిది?

ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు. వేసవిలో ఆ చిత్తడి నేలల దోమలు సాయంత్రం బయట కూర్చోనివ్వవు, మందు రాసుకోవాల్సిందే. భుజాలు కప్పే బట్టలు ఏ నెలయినా ఉంచుకోండి, ఇవి చర్చిలు.