యుద్ధం జరిగే చోట కాంట్రాక్టు ఉద్యోగాలకు ఇప్పుడు గిరాకీ ఉందా?

చెన్నైలో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్న మీ తమ్ముణ్ని ఇరాక్‌లో అమెరికన్ సైనిక బేస్‌కి పంపిస్తానని ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడని రాశారు. గిరాకీ ఉందండీ, కానీ వెనకటి రోజులు కావు. 2012లో ఒక్క అఫ్ఘానిస్తాన్‌లోనే అమెరికా రక్షణ శాఖ కింద సుమారు 1,17,000 మంది కాంట్రాక్టు పనివాళ్లు ఉండేవాళ్లు, సైనికుల కంటే ఎక్కువ. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి పోయాక అక్కడి దుకాణం మొత్తం కట్టేశారు.

నేను ఆ మంచి రోజుల్లోనే కందహార్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఏసీ మెకానిక్‌ని. ఓ రాత్రి చిల్లర్ (పెద్ద ఏసీలకు నీళ్లు చల్లబరిచే యంత్రం) విప్పి కూర్చున్నాం, మైకులో "రాకెట్ అటాక్" అని మొదలైంది. గేజి చేతిలో ఉండగానే కాంక్రీటు బంకర్లో దూరాం. బేస్‌లోని మురుగు చెరువు కంపు అక్కడా వదల్లేదు. సైరన్ ఆగేదాకా పనేముంది, జీతాల మాటొచ్చింది. నాతో పాటు అదే చిల్లర్ మీద పనిచేసే బోస్నియా అతను తన జీతం చెప్పాడు. నాకు నాలుగింతలు! అమెరికన్ సూపర్‌వైజర్ మాత్రం పెదవి విప్పలేదు, నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. మూలన ముడుచుకున్న నేపాలీ కుర్రాడికి ఊళ్లో ఏజెంటు కోసం చేసిన అప్పే ఇంకా తీరలేదట.

ఈ మార్కెట్లో జీతం పాస్‌పోర్టును బట్టే. కాదని ఎవరు వాదించినా నేనొప్పుకోను.

ఇక ఆ లక్షన్నర. మన చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, పైన జీఎస్టీ. అంతే. ఈ ఏజెంట్లకి పదో తరగతి పాసైనవాళ్లంటే మహా ముద్దు. ఎందుకంటే వాళ్ల పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు, ఏ ఆఫీసూ కాంట్రాక్టు చూడదు. రష్యాలో హెల్పర్ పనని తీసుకెళ్లి మనవాళ్లని యుద్ధంలోకి తోసింది ఇలాంటివాళ్లే. 2024లో సీబీఐ కేసు పెట్టేదాకా ఇక్కడ ఎవడికీ చీమ కుట్టలేదు.

ఇజ్రాయెల్ ఉద్యోగాల సంగతి వేరు. అది 2023లో మన ప్రభుత్వం, వాళ్ల ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందం, నెలకు లక్షా ముప్పై వేల పైచిలుకు అన్నారు. కానీ అడిగింది తాపీ, సెంట్రింగ్, టైల్స్ పనివాళ్లని. పైగా 2024 మార్చిలో లెబనాన్ సరిహద్దు దగ్గర తోటలో క్షిపణి పడి ఓ కేరళ అబ్బాయి పోయాడు.

మీ తమ్ముణ్ని ముందు గిండీలో తమిళనాడు ప్రభుత్వ ఓవర్‌సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్‌కి వెళ్లి అడగమనండి. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి. నిజంగా అమెరికన్ బేస్ పనే అయితే డిఫెన్స్ బేస్ యాక్ట్ బీమా (పనిలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా పరిహారమిచ్చే అమెరికా చట్టం కిందిది) ఉండి తీరాలి, అది ఏ దేశం వాడికైనా వర్తిస్తుంది. ఆ కాగితం చూపించమంటే ఏజెంటు నీళ్లు నమిలితే, అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.