ఆర్వీ ప్రయాణంలో హాట్‌స్పాట్‌ మొరాయిస్తే

వేసవిలో అమ్మానాన్నలు ఇండియా నుంచి రాగానే ఒక ఆర్వీ (మంచాలు, వంటగది ఉన్న ఇంటి లాంటి బండి) అద్దెకు తీసుకొని యెల్లోస్టోన్‌ పార్కుకో గ్రాండ్‌ కాన్యన్‌కో బయలుదేరడం అమెరికాలో మనవాళ్లకు బాగా అలవాటైంది. డెన్వర్‌లో కొత్తగా స్థిరపడిన ఒక జంట ఈ మధ్య నన్ను అడిగిన సందేహం కూడా ఆ ప్రయాణం గురించే. వారికి మిగిలిన సెలవులు నాలుగు రోజులు, ప్రయాణం పన్నెండు రోజులు. మిగతా రోజులు దారిలోనే పని చేసుకోవచ్చునని ఒక మొబైల్‌ హాట్‌స్పాట్‌ (సెల్‌ టవర్‌ సిగ్నల్‌ను అందుకొని వైఫైగా పంచే చిన్న పెట్టె) కొన్నారు. "అది మధ్యలో ఆగిపోతే ఏం చూసుకోవాలి?" అని అడిగారు. ఏడెనిమిది వేసవులు ఆర్వీలో తిరిగి, ఆఫీసు మీటింగుల మధ్యలో మాయమైపోయి, తిట్లు తిన్న అనుభవంతో నాకు తెలిసినది చెబుతాను.

హాట్‌స్పాట్‌ ఆగగానే అందరం దాన్ని ఆపి మళ్లీ వెలిగిస్తాం. ఒకసారి అలా చేయడంలో తప్పు లేదు, ఎందుకంటే వంద మైళ్లు ప్రయాణించి వచ్చిన పరికరం ఒక్కోసారి బలహీనమైన టవర్‌నే పట్టుకు వేలాడుతూ ఉంటుంది. అయితే రెండోసారి కూడా అదే పని చేసేముందు, ఆగింది ఏ అంచెలోనో తెలుసుకోవాలి. టవర్‌ నుంచి హాట్‌స్పాట్‌ వరకు మొదటి అంచె, హాట్‌స్పాట్‌ నుంచి మీ లాప్‌టాప్‌ వరకు రెండో అంచె. లాప్‌టాప్‌ మూలన కనిపించే వైఫై గీతలు రెండో అంచె గురించి మాత్రమే చెబుతాయి. రెండడుగుల దూరంలో ఉన్న పెట్టెతో బంధం బాగానే ఉందని వాటి అర్థం. ఆ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి కాబట్టి ఇంటర్నెట్‌ ఉండి తీరాలనుకొని, లాప్‌టాప్‌తో కుస్తీ పడుతూ ఉదయమంతా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ముందుగా బ్రౌజర్‌లో హాట్‌స్పాట్‌ సొంత పేజీని తెరవండి. దాని చిరునామా పరికరం వెనక అతికించిన చీటీ మీద ఉంటుంది, చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. ఆ పేజీ తెరుచుకుంటే రెండో అంచె బాగున్నట్టే, వెతకవలసినది టవర్‌ వైపు. తెరుచుకోకపోతే టవర్‌ను తిట్టుకోనక్కరలేదు.

మొదటి అంచెను చూసేటప్పుడు గీతలను కాక అంకెలను నమ్మండి. ఎన్ని గీతలు చూపాలన్నది ఒక్కో తయారీదారు తన లెక్క ప్రకారం నిర్ణయించుకుంటాడు. అసలు లెక్క ఆర్‌ఎస్‌ఆర్‌పి అనే అంకెలో ఉంటుంది, టవర్‌ సిగ్నల్‌ మీ దాకా ఎంత బలంగా చేరుతోందో అది చెబుతుంది. హాట్‌స్పాట్‌ పేజీలోని నెట్‌వర్క్‌ వివరాల్లోనో, ఐఫోన్‌లో *3001#12345#* అని డయల్‌ చేస్తేనో అది కనిపిస్తుంది. మైనస్‌ 80, 90 ప్రాంతంలో ఉంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మైనస్‌ 110 దాటితే వీడియో కాల్‌ కష్టం. మైనస్‌ 120 దగ్గర సందేశం పోవడమే గొప్ప. ఈ కొలతలో పది అంకెల తేడా అంటే సిగ్నల్‌ శక్తిలో పది రెట్ల తేడా. కాబట్టి పరికరాన్ని బల్ల మీది నుంచి కిటికీ దగ్గరకు జరిపినప్పుడు మైనస్‌ 112 కాస్తా మైనస్‌ 102 అయిందంటే అది చిన్న లాభం కాదు. పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్‌ అనే మరో అంకె ఉంటుంది. అది సిగ్నల్‌లో రొద ఎంత కలిసిందో చెబుతుంది. ఇరవై దాటితే చాలా శుభ్రంగా ఉన్నట్టు, సున్నాకు దిగువన ఉంటే సిగ్నల్‌ బలంగా కనిపించినా పనికి రానట్టు.

ఆర్వీలో పరికరాన్ని ఎక్కడ పెట్టామన్నది ఇంట్లోకంటే ఎక్కువ ముఖ్యం. చాలా బండ్ల ఒళ్లు అల్యూమినియం రేకు. గోడల లోపల వేడి ఆపడానికి వేసిన పొరకు కూడా కొన్నింటిలో లోహపు పూత ఉంటుంది. అటువంటి బండిలో హాట్‌స్పాట్‌ను అల్మరాలో పెట్టడం సత్తు డబ్బాలో పెట్టి మూత వేయడం లాంటిదే. కిటికీ అద్దానికి ఆనించి, ఒక్కో కిటికీ దగ్గర రెండు నిమిషాలు ఉంచి అంకెలు రాసుకోండి. మా బండిలో డ్రైవరు పక్క కిటికీకీ వెనక మంచం పక్క కిటికీకీ మధ్య పద్నాలుగు అంకెల తేడా వచ్చిన రోజులున్నాయి. అయితే ఎండ నేరుగా పడే చోట, ముఖ్యంగా ముందు అద్దం కింద, దాన్ని వదిలిపెట్టకండి. బ్యాటరీ వేడెక్కితే పరికరం తనంతట తానే ఛార్జింగు ఆపేస్తుంది లేదా ఆరిపోతుంది, నెలల తరబడి అలా ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది కూడా.

ఇక్కడ నా సొంత తంటా ఒకటి చెప్పాలి. యూటాలోని మోయాబ్‌ దగ్గర ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. మెయిళ్లు వస్తున్నాయి, వార్తలు తెరుచుకుంటున్నాయి, కానీ మీటింగులో నేను కెమెరా పెట్టగానే హాట్‌స్పాట్‌ తెర నల్లబడి, మళ్లీ మొదటి నుంచి వెలుగుతోంది. మూడుసార్లు అలాగే అయింది. నెట్‌వర్క్‌ను నిందించాను, పరికరాన్ని నిందించాను. చివరకు మా అత్తగారు, "నువ్వు మాట్లాడటం మొదలుపెట్టినప్పుడే ఆరిపోతోంది నాయనా, వింటున్నంతసేపూ బాగానే ఉంది," అన్నారు. ఆవిడ చెప్పిన ఆ మాటలోనే జవాబు ఉంది. టవర్‌ దూరమైనప్పుడు మన వైపు నుంచి పంపడానికి పరికరం పూర్తి బలంతో ప్రసారం చేయాలి, అప్పుడు అది ఎక్కువ కరెంటు లాగుతుంది. కిటికీ దాకా చేరాలని నేను పది అడుగుల సన్నటి యూఎస్‌బీ కేబుల్‌ వాడుతున్నాను. దాని పొడవునా వోల్టేజి పడిపోయి, అసలే నీరసించిన బ్యాటరీ ఆ లోటు పూడ్చలేక, పరికరం కూలబడుతోంది. మూడడుగుల మందపాటి కేబుల్‌ మార్చి, డాష్‌బోర్డులోని యూఎస్‌బీ రంధ్రం వదిలి, 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే మంచి ఛార్జర్‌కు తగిలించగానే ఆ బాధ తీరింది. అప్పటి నుంచి హాట్‌స్పాట్‌ తనంతట తాను ఆగి వెలుగుతోందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది కేబుల్‌ గురించే.

రెండో అంచె తంటాలు తక్కువే కానీ చిరాకు పెట్టేవి. క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కపక్కనే నిలిపిన పాతిక బండ్లలో పాతిక వైఫైలు ఉంటాయి, 2.4 గిగాహెర్ట్జ్‌ తరంగాల మీద వాటన్నిటికీ ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు మూడే: 1, 6, 11. మైక్రోవేవ్‌ కూడా అదే తరంగాల మీద పని చేస్తుంది, ఆర్వీలో అది మీ మోచేతి పక్కనే ఉంటుంది. ఇడ్లీలు వేడి చేసిన రెండు నిమిషాలూ కాల్‌ తెగుతోందంటే కారణం అదే. హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి లేదా లాప్‌టాప్‌కు కేబుల్‌తోనే కలపండి. కాసేపు ఎవరూ వాడకపోతే వైఫై ఆపేసే నిద్ర ఏర్పాటు ఉంటే దాన్ని కూడా తీసేయండి.

కొత్తగా వచ్చినవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఇండియా నుంచి తెచ్చుకున్న ఫోన్ల సంగతి. వాటినే హాట్‌స్పాట్‌గా వాడుకుందామని చాలామంది అనుకుంటారు, నగరంలో అవి బాగానే పని చేస్తాయి కూడా. కానీ ఇక్కడి పల్లెల్లోనూ కొండల్లోనూ దూరం పోయే సిగ్నల్‌ ఎక్కువగా 600, 700 మెగాహెర్ట్జ్‌ బ్యాండ్ల (తరంగాల పట్టీల) మీద వస్తుంది. ఒక్కో బ్యాండ్‌కు ఒక నంబరు ఉంటుంది: టీ-మొబైల్‌కు 71, 12, వెరైజన్‌కు 13, ఏటీ అండ్‌ టీకి 12, 14. ఇండియాలో 4జీ నడిచేది ప్రధానంగా 1, 3, 5, 8, 40 బ్యాండ్ల మీద కాబట్టి, అక్కడి మార్కెట్టు కోసం చేసిన అనేక ఆండ్రాయిడ్‌ ఫోన్లలో ఈ బ్యాండ్లు కొన్నో అన్నీయో ఉండవు. డెన్వర్‌లో చక్కగా నడిచిన ఫోన్‌ వయోమింగ్‌లోకి అడుగు పెట్టగానే మూగబోయి, అదే కంపెనీ సిమ్‌ ఉన్న పక్కవాడి ఫోన్‌ మాత్రం పని చేస్తోందంటే అనుమానించవలసింది దీన్నే. మీ మోడల్‌ నంబరు పెట్టి బ్యాండ్ల జాబితా ముందే చూసుకోండి. ఎవరో ఇచ్చిన పాత హాట్‌స్పాట్‌ అయితే అది 4జీదేనని నిర్ధారించుకోండి, ఎందుకంటే ఇక్కడి మూడు పెద్ద నెట్‌వర్కులూ తమ 3జీని 2022లోనే మూసేశాయి.

అంకెలు బాగున్నా వేగం లేకపోతే చూడవలసింది మీ ప్లాన్‌. "అన్‌లిమిటెడ్‌" అన్న మాట ఫోన్‌లో వాడే డేటాకు వర్తిస్తుంది; హాట్‌స్పాట్‌ ద్వారా వాడే డేటాకు చాలా ప్లాన్లలో వేరే పరిమితి ఉంటుంది, అది దాటాక వేగం వీడియో కాల్‌కు చాలనంతగా పడిపోతుంది. చౌక ప్రీపెయిడ్‌ ప్లాన్లలో కొన్ని హాట్‌స్పాట్‌ను అసలే అనుమతించవు. పెద్దవాళ్లు బండిలో ఉన్నప్పుడు ఈ పరిమితి అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తుంది. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ తింటుంది కాబట్టి, మధ్యాహ్నం మూడు సీరియళ్లు వరసగా చూస్తే మీ ఆఫీసు పనికి ఉంచుకున్న డేటాలో చాలా భాగం ఆ పూటే ఖర్చవుతుంది. సీరియళ్లు మానమని నేను చెప్పలేను, మా ఇంట్లోనూ చెప్పలేకపోయాను. వీడియో నాణ్యతను 480పికి దించండి, తేడా వాళ్లకు తెలియదు. లాప్‌టాప్‌లో ఆ వైఫైని మీటర్డ్‌ కనెక్షన్‌గా (డేటా లెక్కపెట్టి వాడేదిగా) గుర్తు పెడితే విండోస్‌ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఫోన్లలో ఫొటోల బ్యాకప్‌ ఆపండి. వేగం కొలిచే పరీక్షలు కూడా పదే పదే చేయకండి, 5జీ మీద ఒక్కో పరీక్ష వందల ఎంబీ మింగగలదు.

పరిమితి దాటలేదు, అంకెలు బాగున్నాయి, అయినా సాయంత్రం ఎనిమిదికి ఏదీ కదలదు, తెల్లవారుజామున ఐదుకు పరుగులు తీస్తుందంటే, అది రద్దీ. టవర్‌ నిండినప్పుడు చౌక ప్లాన్లవారు, హాట్‌స్పాట్‌ వాడేవారు తరచుగా వరస చివరన నిలబడతారు. దీనికి మీరు చేయగల మరమ్మతు లేదు. వేళ మార్చుకోవాలి లేదా నెట్‌వర్క్‌ మార్చుకోవాలి.

నెట్‌వర్క్‌ మార్చడం అనగానే మనవాళ్లలో ఒక చిక్కు కనిపిస్తుంది. డబ్బు కలిసి వస్తుందని స్నేహితులూ బంధువులూ అంతా ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరతాం. అందువల్ల బండిలో ఆరు ఫోన్లున్నా నెట్‌వర్క్‌ ఒక్కటే, పోతే ఆరూ ఒకేసారి పోతాయి. ప్రయాణానికి ఒక నెల పాటు వేరే నెట్‌వర్క్‌ ప్రీపెయిడ్‌ ఈ-సిమ్‌ (కార్డు లేకుండా ఫోన్‌లోకే దింపుకొనే సిమ్‌) తీసుకోవడం సిగ్నల్‌ను పెంచే బూస్టర్లకంటే చవక, వాటికంటే ఎక్కువ ఉపయోగం. కొనేటప్పుడు పేరు చూసి మోసపోకండి, చిన్న కంపెనీలన్నీ దాదాపుగా ఆ మూడు పెద్ద నెట్‌వర్కుల మీద ఆధారపడి నడిచేవే. మీ పాత నెట్‌వర్కునే మరో పేరుతో కొనుక్కుంటే ప్రయోజనం లేదు.

బూస్టర్‌ గురించి నా అభిప్రాయం అంత గొప్పగా లేదు. బండి కప్పు మీద ఒక యాంటెనా, లోపల ఒక యాంటెనా పెట్టి, ఉన్న సిగ్నల్‌ను అది పెంచుతుంది; లేనిదాన్ని సృష్టించలేదు. ఆర్వీ చిన్నది కాబట్టి రెండు యాంటెనాలూ దగ్గరై, పెళ్లి పందిట్లో మైకూ స్పీకరూ ఎదురెదురుగా పెడితే కూత పెట్టినట్టు, అది తన సిగ్నల్‌నే తాను తిరిగి వింటుంది, ఆపై బలం తగ్గించుకుంటుంది. వాడేవారు ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ) ఆమోదం ఉన్నదే కొని, మీ నెట్‌వర్క్‌ కంపెనీ దగ్గర నమోదు చేయించాలి. ఆకాశం కనిపించే ఎడారిలోనూ మైదానంలోనూ ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్‌ ఇచ్చే స్టార్‌లింక్‌ దీనికంటే ఎంతో నయం, కానీ పైన్‌ చెట్ల కింద నిలిపితే మాటిమాటికీ తెగుతుంది.

అన్నీ తెరుచుకుంటూ ఆఫీసు వీపీఎన్‌ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే రహస్య దారి) మాత్రమే మొండికేస్తే, అది చాలాసార్లు ఎంటీయూ, అంటే ఒకేసారి పంపగల డేటా పొట్లం పరిమాణం, వల్ల వచ్చే సమస్య. వీపీఎన్‌ పైన తన చుట్టు కాగితం కూడా చుట్టేసరికి ఆ పొట్లం పెద్దదై మొబైల్‌ నెట్‌వర్క్‌లో ఎక్కడో ఇరుక్కుంటుంది. లాగిన్‌ అవుతుంది గానీ ఫైలు తెరుచుకోదు. 1500 ఉన్న ఎంటీయూ విలువను 1350 ప్రాంతానికి తగ్గిస్తే తరచు సర్దుకుంటుంది. ఆఫీసు లాప్‌టాప్‌లో మీకు ఆ అనుమతి ఉండకపోవచ్చు కాబట్టి బయలుదేరకముందే ఐటీ విభాగానికి చెప్పి చేయించుకోండి. మొబైల్‌ ఐపీ చిరునామా మీరు లేని రాష్ట్రాన్ని చూపించడం మామూలేనని కూడా వారి చెవిన వేయండి. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారు వేరే రాష్ట్రంలో కూర్చొని పని చేయవచ్చునా అన్నది హాట్‌స్పాట్‌కు సంబంధించిన ప్రశ్న కాదు గానీ, కంపెనీ ఇమిగ్రేషన్‌ న్యాయవాదిని ఒక మాట అడగకుండా బండి కదిలించకండి.

యెల్లోస్టోన్‌ లోపల మీ ఏర్పాట్లన్నీ బాగున్నా సిగ్నల్‌ దొరికేది మామత్‌, ఓల్డ్‌ ఫెయిత్‌ఫుల్‌, కాన్యన్‌ విలేజ్‌, గ్రాంట్‌ వంటి కొద్ది చోట్లే, వేసవి రద్దీలో అక్కడా నత్తనడకే. పార్కులోని లామార్‌ లోయ వంటి చోట్ల మీటింగు పెట్టుకోవద్దు. పని దినాల్లో పార్కు బయట గేట్ల దగ్గరి ఊళ్లయిన వెస్ట్‌ యెల్లోస్టోన్‌లోనో గార్డినర్‌లోనో బస చేసి, సెలవు నాలుగు రోజులు పార్కు లోపలికి కేటాయించండి. బుకింగు కాగితాలు, మ్యాపులు ఫోన్‌లోకి ముందే దింపుకోండి.

బయలుదేరడానికి వారం ముందు, ఒక పని దినాన ఇంటి వైఫై పూర్తిగా ఆపేసి, రోజంతా ఆ హాట్‌స్పాట్‌ మీదనే పని చేయండి. అత్తమామలు అమ్మానాన్నలు ఎవరు వచ్చినా వాళ్ల టీవీని కూడా దానికే కలపండి. సాయంత్రానికి ఎంత డేటా అయిందో, వీపీఎన్‌ ఎన్నిసార్లు తెగిందో, కేబుల్‌ తట్టుకుందో లేదో తేలిపోతుంది, మార్చవలసినది మార్చుకోవడానికి ఇంకా వారం చేతిలో ఉంటుంది.