జిమ్ముకు, ప్రోటీన్ పౌడర్‌కు ఆర్డీ ఆపాల్నా?

ప్రశ్న: సార్, పోలేపల్లి సెజ్‌ల ఫార్మా కంపెనీల షిఫ్టు డ్యూటీ చేస్త. జడ్చర్లల కిరాయికి ఉంటం, నేను, మా ఆమె, నాలుగేండ్ల పాప. చేతికి 18,000 వస్తయి. బరువు 70 కిలోలు, పొట్ట వస్తుంది, మెట్లెక్కితే ఆయాసం. జిమ్ ఏడాదికి 12,000 అంట, ప్రోటీన్ పౌడర్ కిలో డబ్బా 2,400, నెలకొకటి కావాలె. టిఫిన్, చాయ్, సమోసా బయటనే, రోజుకు 85 అయితది. బ్యాంకుల నెలకు 2,000 జమ చేసే ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) ఆపి ఇవి మొదలుపెట్టాల్నా?

జవాబు: ఆర్డీని ముట్టకు తమ్మీ. మధ్యల తీస్తే బ్యాంకోళ్లు వడ్డీ తగ్గిస్తరు, పైగా మీ ఇంట్ల పొదుపంటే అదొక్కటే ఉన్నట్టుంది. నీకు కావల్సిన పైసలు నువ్వు రాసిన ఆ 85లనే ఉన్నయ్, 26 డ్యూటీలకు లెక్కేస్తే 2,210.

ఇగ పౌడర్ సంగతి. కిలో డబ్బాల ప్రోటీన్ దగ్గరదగ్గర 800 గ్రాములు ఉంటది, అంటే గ్రాముకు 3 రూపాయలు. గుడ్డు 7 రూపాయలనుకో, అండ్ల 6 గ్రాములు, గ్రాముకు రూపాయి చిల్లర. పెసర్లు కిలో 120 అనుకుంటే అర్ధ రూపాయే, పల్లీలు కూడ అటుఇటు గంతే, కాకపోతే పల్లీలల్ల నూనె ఎక్కువ, పొట్ట తగ్గాలన్నోడు గుప్పెడుతోని ఆపాలె. మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లెక్క ప్రకారం పెద్దోళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు, నీకు 58 గ్రాములు. రెండు గుడ్లు, మొలకెత్తిన పెసర్లు, గుప్పెడు పల్లీలకే సగం వచ్చేస్తది, మిగతాది పప్పు, పెరుగు, జొన్నరొట్టెలతోని సరిపోతది. అదే ఎన్ఐఎన్ 2024 గైడ్‌లైన్స్‌ల పౌడర్లు వద్దనే చెప్పింది.

ఇంకో మాట, డబ్బా కొంటే నువ్వొక్కనివే తాగుతవ్, మరి మీ ఆమె, పాప? రోజుకు నాలుగు గుడ్లు నెలకు 840, రెండు కిలోల పెసర్లు 240, కిలోన్నర పల్లీలు 225, మొత్తం 1,305ల ముగ్గురూ తింటరు. బయట టిఫిన్ బందువెడితే ఇంకా 900 మిగులుతయి, రోజొక చాయ్ తాగు, నేనేం వద్దంటలేను. రేషన్ కార్డుల ముగ్గురి పేర్లుంటే 18 కిలోల సన్నబియ్యం ఫ్రీగ వస్తయి కాబట్టి బియ్యానికి పెట్టేవి ఆకుకూరలకు మళ్లించు.

ఆయాసం మాత్రం తేలికగ తీస్కోకు. జీతం స్లిప్పుల ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కటింగ్ ఉందా చూడు, 21,000 లోపు జీతమోళ్లకు 0.75 శాతం కోస్తరు. కటింగ్ ఉంటే ఎట్లాగూ కడుతున్నట్టే గదా, ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి పోయి బీపీ, షుగర్ చూపించుకో, డాక్టర్ సరే అన్నంకనే కసరత్తు. వారానికి 150 నిమిషాలు జోరుగ నడిస్తే చాలంటది డబ్ల్యూహెచ్ఓ, రోజుకు 22 నిమిషాలు పడతది, కంపెనీ బస్సు ఒక స్టాప్ ముందు దిగితే సగం అక్కడనే అయిపోతది. వారంల రెండు రోజులు ఇంట్లనే దండాలు, బస్కీలు తియ్యి. నైట్ షిఫ్ట్ వారం మాత్రం ముందు నిద్ర.

మరి జిమ్మంటవా, షిఫ్టు మారే మనిషికి ఏడాది ఫీజు ఒక్కసారే కట్టుడు శుద్ధ దండుగ. మూడు నెలలు ఇట్ల నడిచినంక కూడ పోవాలనిపిస్తే ఆ 900లల్ల మిగిలినదానికి ఇంకొంత కలిపి నెలనెలా కట్టు. నెలవారీ కుదరదంటే ఇంకో జిమ్ చూస్కో, జడ్చర్లల అదొక్కటే లేదు గదా.